ఎవరి జట్టులో ఆడాలి?

ధర్మవరం పిల్లవాడు ఫుట్‌బాల్ ఆడితే వాడి చొక్కా మీద ఏ ఊరి పేరు ఉండాలి? 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా రెండుగా విడిపోయి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పటి నుంచి నా దగ్గర ఆడి వెళ్లినవాళ్లు ఈ ప్రశ్న తెస్తూనే ఉన్నారు. వాళ్లకిప్పుడు నలభై, యాభై ఏళ్లు. తమ పిల్లల్ని పొద్దున్నే గ్రౌండుకు తోలుకొస్తారు. పిల్లలు వార్మప్ చేస్తుంటే నా పక్కన కూర్చుని, "ఏం సార్, మనం అనంతపురంతోనే ఉండల్లా, మన టీము మనం కట్టుకోవల్లా?" అని అడుగుతారు.

నేను డిగ్రీ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషిని. నేను చూసుకున్న జట్లు పెద్దవి కావు. జిల్లాలో గెలుస్తాయి, బయటికి వెళ్తే రెండో ఆటకే పెట్టెలు సర్దుకుంటాయి. ఈ ప్రశ్న అలాంటి మధ్యరకం జట్టుకే వస్తుంది. బలమైన జట్టు ఎక్కడ పెట్టినా నెగ్గుతుంది. మరీ బలహీనమైనదాన్ని ఎవరూ పిలవరు. ఎవరితో కలిస్తే ఎదుగుతాం, ఎవరితో కలిస్తే నలిగిపోతాం అని తేల్చుకోవలసింది నడిమివాళ్లే. ఆ తేల్చుకోవడం మా సీమ వందేళ్లుగా చేస్తోంది. 1916లో అనంతపురంలో కాలేజీ పుట్టిన దగ్గర నుంచి చూస్తే, మా చదువులు మద్రాసు విశ్వవిద్యాలయం కింద మొదలయ్యాయి, ఆంధ్రకు వెళ్లాయి, మళ్లీ మద్రాసుకే తిరిగొచ్చాయి, తిరుపతికి మారాయి, చివరికి సొంత విశ్వవిద్యాలయం కిందికి చేరాయి. దీన్ని చట్టాల కథగా, సెనేట్ల కథగా చాలామంది చెప్పారు. గ్రౌండు వైపు నుంచి చెప్పినవాళ్లు తక్కువ. కాలేజీ ఏ విశ్వవిద్యాలయం కింద ఉంటే ఆ విశ్వవిద్యాలయం పోటీల్లోనే ఆడాలి, దాని సెలక్షన్లకే వెళ్లాలి, దాని చొక్కాయే వేసుకోవాలి. పరీక్ష పేపరు ఎక్కడి నుంచి వచ్చినా పిల్లవాడు తన ఊళ్లో కూర్చుని రాస్తాడు. ఆటకు మాత్రం మనిషి బండెక్కాల్సిందే.

1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి వదిలేసిన నేల కాబట్టి మమ్మల్ని దత్త మండలాలు అనేవారు. అనంతపురం కాలేజీకి మొదట్లో ఉన్న పేరూ అదే, దత్త మండల కళాశాల. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ అదే. అంతకు ముందు ఏడాదే, 1915లో, మదనపల్లెలో థియోసాఫికల్ కాలేజీ మొదలైంది. సీమ మొత్తానికి పైచదువుల చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. అనంతపురం కాలేజీ తెరిచిన కొత్తలో సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ కొంతకాలం పాఠం చెప్పారు. ఈ మాట ముందు చెప్పడానికి కారణముంది, ఆయన మళ్లీ వస్తారు.

అప్పుడు అందరికీ పెద్దది మద్రాసు విశ్వవిద్యాలయం. ఆటల్లో కూడా మద్రాసే. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ అక్కడ వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టును వెంటబెట్టుకుని వెళ్లినవాళ్లలో ఆయన ఒకడు. దక్షిణాదిలో నా వృత్తిలో ఉన్న ఎంతోమంది ఆ కళాశాల గేటు దాటి వచ్చినవాళ్లే, నేనూ అంతే. మద్రాసులో ఉన్న రోజుల్లో ముసలి మాస్టర్లు పాత ఇంటర్ కాలేజియేట్ పోటీల గురించి చెబుతుంటే విన్నాను. ప్రెసిడెన్సీ, క్రిస్టియన్, లయోలా, ఈ పేర్లే వచ్చేవి. అనంతపురం పేరు వస్తుందేమోనని చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి. అప్పుడప్పుడు వచ్చేది, ఓడినవాళ్ల జాబితాలో. నేను దాన్ని అవమానంగా తీసుకోలేదు. గుంతకల్లు దాకా మీటర్ గేజి బండిలో వచ్చి, అక్కడ బొంబాయి-మద్రాసు పెద్ద లైను బండి పట్టుకుని, రాత్రంతా కూర్చుని ప్రయాణం చేసి, పొద్దున దిగి మధ్యాహ్నం ఆడిన జట్టు అది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. తెలుగువాళ్లకు సొంత విశ్వవిద్యాలయం కావాలని 1913 బాపట్ల ఆంధ్ర మహాసభ నాటి నుంచి పెరుగుతూ వచ్చిన కోరిక ఫలించింది. కట్టమంచి రామలింగారెడ్డి మొదటి వైస్ ఛాన్సలర్. తెలుగు జిల్లాలన్నీ, మా దత్త మండలాలతో సహా, దాని కిందికి వచ్చాయి. బెజవాడలో మొదలైంది. శాశ్వతంగా ఎక్కడుండాలన్న దగ్గర గొడవ వచ్చింది. అనంతపురంలో పెట్టాలని మావాళ్లు పట్టుబట్టారు. కోస్తావాళ్లకు తమ లెక్కలు తమకున్నాయి. చివరికి 1930లో వాల్తేరు చేరింది. అంతకు ముందే, 1920లు ముగిసేనాటికి, మా దత్త మండలాలు ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి బయటికొచ్చి తిరిగి మద్రాసు కిందికి వెళ్లిపోయాయి.

ఇది చాలామందికి మింగుడుపడని ఘట్టం. తెలుగువాళ్ల విశ్వవిద్యాలయాన్ని తెలుగువాళ్లే కాదని అరవ రాజధానికి వెళ్లారే అని కోస్తా మిత్రులు ఇప్పటికీ నాతో అంటారు. నేను మావాళ్ల పక్షమే. మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. అనంతపురం నుంచి వాల్తేరుకు పోవాలంటే గుంతకల్లులో మారాలి, నంద్యాల మీదుగా నల్లమల దాటి గుంటూరు, బెజవాడ చేరాలి, అక్కడ గేజి మారి మళ్లీ ఉత్తరానికి సాగాలి. ఒక డిగ్రీ కాగితం కోసమో, ఒక ఆట కోసమో అంత దూరం పోయే స్తోమత ఎందరికుంది? మద్రాసు పరాయిదే, కానీ చేరగలిగే పరాయి. వాల్తేరు మనదే, కానీ అందని మనది. మధ్యరకం కాలేజీ చేరగలిగే చోటునే ఎంచుకుంది. ఆ రోజుల్లో ఆర్ట్స్ కాలేజీలో చేరిన నీలం సంజీవరెడ్డి మద్రాసు విశ్వవిద్యాలయం విద్యార్థే. 1931లో చదువు వదిలి స్వాతంత్ర్య ఉద్యమంలోకి వెళ్లిపోయారు. అదే 1931లో, ఒకప్పుడు అనంతపురంలో పాఠం చెప్పిన రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. ఆయన వచ్చేసరికి మేం అందులో లేం. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. మంచి గురువు వచ్చే వేళకు మనం బడి మారినట్టయింది.

ఆ గొడవల నడుమే మా సీమకు పేరు కూడా వచ్చింది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభతో పాటు దత్త మండలాల సభ జరిగింది. ఎవరో ఎవరికో దత్తం చేసిన నేల అన్న పేరు మాకెందుకు, రాయలు ఏలిన సీమ కాబట్టి రాయలసీమ అందాం అని చిలుకూరి నారాయణరావు సూచించారు. ఆయన అనంతపురం కాలేజీ అధ్యాపకుడు. నాలుగు జిల్లాలు తమ పేరును ఒక కాలేజీ మాస్టారి నోటి నుంచి తీసుకున్నాయి. కాలేజీకి అంతకన్నా పెద్ద ట్రోఫీ ఏముంటుంది?

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒప్పందం కుదిరింది. నీళ్లు, రాజధాని, హైకోర్టు, ఈ మూడే అందరికీ గుర్తుంటాయి. వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి, రెండు విశ్వవిద్యాలయ కేంద్రాలు ఉండాలన్న మాట కూడా అందులో ఉంది. సంతకాలు చేసినవాళ్లలో మా హిందూపురం వైపు మనిషి కల్లూరు సుబ్బారావు ఉన్నారు, అనంతపురం పప్పూరు రామాచార్యులు ఉన్నారు. ఆ ఒక్క మాట నెరవేరడానికి నలభై ఏళ్లు దాటింది.

ఈలోగా 1953 వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన అక్టోబరు 1నే బళ్లారి మైసూరుకు వెళ్లిపోయింది. రాయదుర్గం మా జిల్లాకు వచ్చింది, ఆదోని, ఆలూరు కర్నూలుకు చేరాయి. దత్త మండలాలకు పాత పెద్ద ఊరు బళ్లారి. మా అనంతపురం జిల్లాయే 1882లో బళ్లారి నుంచి చీలి పుట్టింది. ఆట తెలిసినవాడికి దీని అర్థం వేరు. గంటల దూరంలో ఉన్న ప్రత్యర్థి పోయాడు. బళ్లారి పిల్లలు ఇక తమ జిల్లాలతో, తమ విశ్వవిద్యాలయాలతో ఆడుకోవాలి, మేం మాతో. పొరుగూరి జట్టుతో ఏటా ఆడే ఆట ఉంటేనే ఊళ్లో జనం గ్రౌండుకు వస్తారు. వాళ్ల మామలు, బావలు అవతలి జట్టులో ఉంటారు కాబట్టి వస్తారు. ఆ ఆట ఒకసారి ఆగిపోతే మళ్లీ పుట్టించడం చాలా కష్టం.

1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. మా కాలేజీలు మద్రాసు నుంచి అటు మారాయి. నేను చదువుకున్నది ఈ కాలంలోనే, 1970లలో. ఇక్కడ ధర్మవరం జంక్షన్ గురించి చెప్పాలి. 1890లలో రెండు లైన్లు మా ఊళ్లో కలిశాయి. ఒకటి గుంతకల్లు నుంచి బెంగళూరుకు, రెండోది పాకాల మీదుగా దక్షిణానికి. పాకాల లైనులో తిరుపతి పోవాలంటే ముదిగుబ్బ, కదిరి, ములకలచెరువు, మదనపల్లె రోడ్డు, పీలేరు, ఒక్కో స్టేషనులో ఆగుతూ ఆ చిన్న బండి రాత్రంతా నడిచేది. ఒక్క పాకాలకే రెండు వందల ఇరవై కిలోమీటర్లకు పైన. బొగ్గు నుసి కళ్లలో పడుతుంటే బూట్లు తల కింద పెట్టుకుని పడుకునేవాళ్లం. బూట్లు పోతే మళ్లీ కొనలేం.

మా ఇంట్లో గుంత మగ్గం ఉండేది. మా వీధంతా మగ్గాలే. నాతో ఆడినవాళ్లలో నాకంటే బాగా ఆడేవాడు ఒకడుండేవాడు, ఎడమ కాలుతో బంతిని ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేవాడు. తిరుపతి సెలక్షన్లకు పోదాం రమ్మంటే వాళ్ల నాయన, "పోయేది ఒక దినం, వచ్చేది ఒక దినం, ఆడేది ఒక దినం. చీర ఎవడు దించల్ల?" అన్నాడు. ఆ పెద్దాయన తప్పేమీ లేదు. పెళ్లి ముహూర్తాల కాలం, షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్న చీర. వాడు రాలేదు, ఆ ఏడూ రాలేదు, తర్వాతా రాలేదు. తిరుపతి విశ్వవిద్యాలయం వాణ్ణి వద్దనలేదు, అసలు చూడనే లేదు. ఒక కాలేజీ ఏ పోటీలో ఉండాలో నిర్ణయించే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు ఈ మూడు దినాల లెక్క కనిపించదు. నా ఉద్యోగ జీవితమంతా ఆ లెక్కను ఎవరో ఒకరికి చెప్పడానికే ప్రయత్నించాను.

రాష్ట్రాల స్థాయిలో కూడా ఇదే ప్రశ్న వచ్చింది. 1956లో హైదరాబాద్, ఆంధ్ర కలిసి ఒక రాష్ట్రమయ్యాయి. క్రికెట్‌లో మాత్రం కలవలేదు. ఆంధ్ర క్రికెట్ సంఘం 1953లో ఏర్పడింది, హైదరాబాద్ సంఘం అంతకు ముందు నుంచే ఉంది. రాష్ట్రం ఒకటైనా రంజీలో రెండు జట్లు అలాగే ఉండిపోయాయి. ఫుట్‌బాల్ మరో దారి పట్టింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ అప్పుడు దేశానికే తలమానికం. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956-57లో, ఆ మరుసటి ఏడాదీ సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లిన భారత జట్టుకు రహీమే కోచ్. తర్వాత ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒకే జట్టయింది, 1965-66లో ఆ పేరుతో సంతోష్ ట్రోఫీ గెలిచింది కూడా. నేను చిన్నప్పుడు ఆ విజయం గురించి విని మనదేనని పొంగిపోయాను. పెద్దయ్యాక అర్థమైంది, అది గొప్ప విజయమే, కానీ దానికి బలం హైదరాబాద్ నగరం. అలాంటి జట్టులో చోటు దొరకాలంటే సీమ పిల్లవాడు ఆ నగరపు లీగులో పుట్టి పెరిగినవాళ్లను దాటాలి.

ఆంధ్ర క్రికెట్ జట్టు సంగతి చూడండి. సి.కె. నాయుడు అంతటివాడు యాభై దాటిన వయసులో వచ్చి తొలి రోజుల్లో ఆ జట్టును నడిపించాడు. అయినా సౌత్ జోన్‌లో మద్రాసు, మైసూరు, హైదరాబాద్‌ల చేతిలో దశాబ్దాల పాటు ఓడుతూనే ఉంది. 2002-03లో జోన్లు తీసేసి ఎలైట్, ప్లేట్ అని మెట్లు పెట్టాక, తన స్థాయివాళ్లతో ఆడే అవకాశం వచ్చింది. అంతకు ముందే ఎమ్మెస్కే ప్రసాద్ 1999లో టెస్టు ఆడాడు. ఆ తర్వాత వేణుగోపాలరావు భారత జట్టులోకి వచ్చాడు, కె.ఎస్. భరత్, నితీశ్ కుమార్ రెడ్డి టెస్టులు ఆడారు. అయితే మొదటి ఫలం అందడానికే నలభై ఆరేళ్లు పట్టింది, ఆ సంగతి దాచకూడదు. సొంత జట్టు కావాలనేవాళ్లు ఆ నలభై ఆరేళ్లనూ ఒప్పుకుని అడగాలి.

మళ్లీ మా ఊరి కథకు వస్తాను. 1968లో తిరుపతి విశ్వవిద్యాలయం అనంతపురంలో ఒక పీజీ కేంద్రం పెట్టింది. 1981లో అదే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. 1937లో రాసుకున్న మాటకు అప్పుడు ప్రాణం వచ్చింది. మొదట్లో దాని కింద కాలేజీలు లేవు, ఆ దశాబ్దం చివర్లో డిగ్రీ కాలేజీలు దాని పరిధిలోకి వచ్చాయి. అప్పట్లో అనంతపురం, కర్నూలు రెండు జిల్లాలూ దానివే, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చేదాకా. ఇంజనీరింగ్ కాలేజీ దారి వేరు. అది 1972లోనే జె.ఎన్.టి.యు.లోకి వెళ్లిపోయింది.

ఈ మార్పును నేను గ్రౌండులో నిలబడి చూశాను కాబట్టి దీని గురించి గట్టిగా చెప్పగలను. తిరుపతి రోజుల్లో యూనివర్సిటీ సెలక్షన్ అంటే బండి, రాత్రి, మూడు దినాలు. కృష్ణదేవరాయ వచ్చాక పొద్దున బస్సెక్కి, సెలక్షన్ ఆడి, చీకటి పడేలోపు ధర్మవరంలో దిగేవాళ్లు. సాయంత్రం మగ్గం మీద కూర్చోవచ్చు. మొదటి ఏడాది నేను ఎలిజిబిలిటీ ఫారాలు నింపుతుంటే ఎన్నడూ పేరు ఇవ్వని పిల్లలు వచ్చి వరసలో నిలబడ్డారు. వాళ్లలో ఒకడు, నేత కుటుంబంవాడు, "సార్, సాయంత్రానికి వచ్చేస్తాం కదా?" అని మాత్రమే అడిగాడు. వేరే ఏదీ అడగలేదు. వాడు ఆ ఏడాది యూనివర్సిటీ జట్టులోకి వచ్చాడు. ఇంటర్ యూనివర్సిటీకి వెళ్లొచ్చాడు. ఆ సర్టిఫికెట్ తర్వాత స్పోర్ట్స్ కోటాలో వాడికి ఉద్యోగం తెచ్చింది.

ఇంకో పక్క కూడా చెప్పాలి. విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్‌కు 1941లో మొదలైన సర్ అశుతోష్ ముఖర్జీ ట్రోఫీ ఉంది. దక్షిణాదివాళ్లు ముందు సౌత్ జోన్ ఆడాలి. మొదటి నాలుగు జట్లే అఖిల భారత పోటీకి వెళ్తాయి. ఆ జోన్‌లో కేరళ జట్లున్నాయి, మద్రాసు ఉంది. కాలికట్ విశ్వవిద్యాలయం ఎన్నోసార్లు దేశంలోనే గెలిచింది. అక్కడికి వెళ్తే మా పిల్లలకు బంతి దొరకడమే గగనం. పెద్ద విశ్వవిద్యాలయంలో ఉంటే మావాళ్లు ఒకరో ఇద్దరో బలమైన జట్టులో ఆడేవాళ్లు. చిన్నదానిలో పదిమంది వెళ్తారు, తొందరగా వెనక్కి వస్తారు. ఏది మేలు? తోటి పీడీలతో ఈ వాదన ఎన్నోసార్లు జరిగింది. ఒకరిద్దరు మేటి ఆటగాళ్లు చాలు అనేవారు వాళ్లు. నేను పదిమంది వైపే ఉన్నాను. ఓడి వచ్చిన ఆ పదిమందీ కాలికట్‌వాళ్లు బంతి లేనప్పుడు ఎక్కడికి పరుగెత్తుతారో కళ్లారా చూశారు. ఊరికి తిరిగొచ్చి తమ్ముళ్లకు నేర్పారు. మేటివాడు ఒక్కడే వెళ్లిన చోట, వాడు ఉద్యోగం దొరికి ఊరు విడిచిపోతే ఆట కూడా వాడితోనే పోయింది.

ఎవరితో ఆడాలన్న ఈ ప్రశ్న మా ఒక్కరిదే కాదు. మా అక్క మనవడు అమెరికాలో చదువుతున్నాడు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ మన ఆట కాదు, శిరస్త్రాణాలు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడతారు. కాలేజీలు ప్రాంతాలవారీగా జట్టుకట్టి కాన్ఫరెన్సులు పెట్టుకుంటాయి. ఎక్కువ టీవీ డబ్బు కోసం కాన్ఫరెన్సులు మారడం అక్కడ ఇప్పుడు పెద్ద చర్చ. వాడు చెప్పిన వాటిలో నాకు నచ్చింది ఐడాహో విశ్వవిద్యాలయం కథ. దేశానికి వాయవ్య మూలన ఉన్న మధ్యరకం జట్టు. 1990లలో పై మెట్టుకు ఎక్కింది. చివరికి అలబామా, లూసియానా, టెక్సస్ రాష్ట్రాల జట్లున్న సన్ బెల్ట్ అనే కాన్ఫరెన్సులో, దేశం అడ్డంగా దాటి వెళ్లి ఆడేది. ఆ కాన్ఫరెన్సు వాళ్లను ఇక వద్దనుకున్నాక, 2018లో పై మెట్టు వదులుకుని, మోంటానాలాంటి పొరుగువాళ్లున్న బిగ్ స్కై అనే పాత కాన్ఫరెన్సుకే తిరిగి చేరింది. పై మెట్టు నుంచి తనంతట తాను దిగిన మొదటి జట్టు అదేనని చెప్పుకుంటారు. పరువు పోయిందని అక్కడా చాలామంది బాధపడ్డారట. నాకు మాత్రం 1920లలో వాల్తేరు కాదని మద్రాసు ఎంచుకున్న మా పెద్దలు గుర్తొచ్చారు. చేరగలిగే చోటు ఎంచుకోవడానికి ధైర్యం కావాలి.

ఇక నా దగ్గరికొచ్చే నా పాత పిల్లలకు నేను చెప్పే జవాబు. విశ్వవిద్యాలయం విషయంలో మార్పు వద్దు. రెండు జిల్లాలకూ కృష్ణదేవరాయ ఒకటే ఉంది, దగ్గర్లోనే ఉంది, నలభై ఏళ్ల అలవాటుంది. దాన్ని చీల్చితే రెండు బలహీనమైన జట్లు మిగులుతాయి. జిల్లా జట్టు విషయంలో మాత్రం మనం విడిగా కట్టుకోవాలి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, కదిరి, మడకశిర, పుట్టపర్తి, ఇన్ని ఊళ్ల పిల్లలకు అనంతపురం జట్టులోని పద్దెనిమిది చోట్లలో ఎన్ని దక్కుతాయి? హిందూపురం, మడకశిర పిల్లలకు అనంతపురం దూరం. వాళ్లలో చాలామంది అసలు సెలక్షన్లకే రారని నాకు తెలుసు. నా ఎడమ కాలి స్నేహితుడి కొడుకులు, మనవలు వీళ్లంతా.

అనంతపురంతో ఉంటే లాభం ఉందనేవాళ్లు ఆర్డీటీ మైదానాలు చూపిస్తారు. అది నిజమైన వాదన. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన సంస్థ అనంతపురంలో కట్టిన క్రీడా గ్రామం లాంటిది ఈ సీమలో ఇంకోటి లేదు. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు అక్కడ జరిగాయి. పల్లె ఆడపిల్లలు అక్కడ ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. మన వైపు అలాంటి పచ్చిక మైదానం ఒక్కటి కూడా లేదు. కానీ అనంతపురం జట్టులో చోటు లేకపోతే ఆ మైదానం మన పిల్లవాడికి ఏం చేస్తుంది? వేరే జట్టుగా వెళ్లి ఆ మైదానం మీదే అనంతపురంతో ఆడితే, పద్దెనిమిది మంది మన పిల్లలు ఆ గడ్డి మీద పరుగెత్తుతారు. ఓడతారు, ఏళ్ల తరబడి ఓడతారు. ఆంధ్ర క్రికెట్ ఎన్నేళ్లు ఓడిందో ఇంతకు ముందే చెప్పాను.

విడిపోవడం ఒక్కటే చాలదు. బళ్లారితో 1953లో తెగిన ఆటల బంధాన్ని మళ్లీ కట్టాలి. నేను అడిగేది ఒక రైలు దారి పోటీ. గుంతకల్లు, అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, అటు గౌరీబిదనూరు, ఇటు బళ్లారి. ఏ జిల్లా, ఏ రాష్ట్రం, ఏ విశ్వవిద్యాలయం అన్నది లేకుండా, ఒకే లైను మీదున్న ఊళ్ల కాలేజీ జట్లు. ఎవరూ రాత్రి ఎక్కడా పడుకోనక్కరలేదు. పొద్దున బండిలో వచ్చి సాయంత్రం బండిలో వెళ్లిపోవాలి. పెళ్లి ముహూర్తాలు లేని నెల చూసి పెట్టాలి, మగ్గాలకు ఒత్తిడి తక్కువుండే కాలం ఏదో మా వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. మా కాలేజీల ప్రిన్సిపాళ్లకు ఈ సంగతి రాసిచ్చాను. హిందూపురం నుంచి ఒక పీడీ ఫోన్ చేసి, తేదీలు ఖాయం చేస్తే జట్టు తానే తీసుకొస్తానన్నాడు. గౌరీబిదనూరు వైపు కన్నడం వచ్చిన మనిషి మాట్లాడాలి, దానికి మడకశిర కుర్రాడొకడు ఒప్పుకున్నాడు. ధర్మవరం జట్టుకు గోల్‌కీపరు ఇంకా దొరకలేదు. వెతుకుతున్నాం.